కేళీలు ఏరిన చేతులు

నా పిహెచ్‌డి స్త్రీల శ్రమ పాటల మీద. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ళలో మూడు వానాకాలాలు తిరిగాను. పద్ధతి ఒకటే. పాట మొదలవగానే ఫోన్‌లో రికార్డింగ్ నొక్కడం, అయిపోగానే ఆపేయడం. మధ్యలో దగ్గులు, నవ్వులు, గట్టు మీంచి కేకలు పడితే చిరాకు పడేదాన్ని. పాఠం శుభ్రంగా ఉండాలని నేర్చుకున్న చదువు నాది.

కోదాడ దగ్గర ఒక పొలంలో మాత్రం ఆపడం మరిచిపోయాను. అప్పటికి నాట్లు ఎప్పుడో అయిపోయాయి, గింజ గట్టిపడుతోంది. అరవై దాటిన ఒక పెద్దమ్మ పాట పాడి, మళ్ళీ మడిలోకి దిగి కేళీలు తీస్తోంది. పైరులో కలిసిపోయి పెరిగే, మనం వేసిన విత్తనానిది కాని వరి మొక్కలని కేళీలంటారు, బెరుకులని కూడా అంటారు. రెండేళ్ళ తర్వాత ఆ రికార్డింగ్ మళ్ళీ వింటుంటే పాట వెనక ఆమె మాటలు వినిపించాయి. "గిది మన వడ్లు గాదు బిడ్డా. మొకం జూస్తే మనదే అనిపిస్తది. చెయ్యి పెడితే రాల్తది. మన వడ్లయితే మనం కోసేదాంక ఆగుతయ్." ఆ వెంటనే నా గొంతు: "అది సరే పెద్దమ్మా, ఇంకో పాట ఏమన్నా గుర్తుందా?"

ఆ గొంతు విని సిగ్గుపడ్డాను. ఎందుకు సిగ్గుపడ్డానో అర్థం కావడానికి సాహిత్యం వదిలి కొంతకాలం జీవశాస్త్రం చదవాల్సి వచ్చింది.

మన వడ్లు ఎందుకు ఆగుతాయి? గింజ కాడని అంటుకుని ఉండే చోట సన్నని కణాల వరస ఒకటి ఏర్పడుతుంది. అడవి వరిలో గింజ పండే వేళకి ఈ కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, గింజ నేల మీద పడుతుంది. మొక్క వైపు నుంచి చూస్తే అదే సరైన పని, తన సంతానం మట్టిలో పడాలి కదా. ఆ వరస ఏర్పడడంలో పాత్ర ఉన్న జన్యువుల్లో ఒకదాని పేరు ఎస్‌హెచ్4. 2006లో చాంగ్‌బావో లీ, ఐలింగ్ జౌ, తావో సాంగ్ అనే ముగ్గురు 'సైన్స్' పత్రికలో దాని గుట్టు విప్పారు. డీఎన్ఏ నాలుగే అక్షరాల లిపి. ఆ జన్యువులో ఒకే ఒక్కచోట 'జి' అనే అక్షరం పోయి 'టి' వచ్చింది. దాంతో అది తయారుచేసే ప్రోటీన్‌లో లైసిన్ ఉండాల్సిన చోట ఆస్పరాజిన్ చేరింది. ఈ ప్రోటీన్ పని వేరే జన్యువులతో పని చేయించడం. ఆ పెత్తనం కాస్త సడలింది. కణాల వరస అరకొరగా ఏర్పడి, గింజ కంకి మీద నిలబడిపోయింది.

ఇందులో నాకు బాగా నచ్చింది ఆ 'అరకొరగా' అన్న మాట. వరస అసలే లేకపోతే గింజ ఎంత కొట్టినా ఊడదు, కుప్ప నూర్చడం కుదరదు. గాలికి ఆగాలి, కొడితే రాలాలి. ఈ ఒక్క మార్పే అంతా చేయలేదనీ, కంకి విచ్చుకోకుండా మూసుకుని ఉండడం లాంటి ఇతర మార్పులు కూడా తోడయ్యాయనీ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అయినా పెద్దమ్మ చెప్పిన తేడా ఉన్నది ఇక్కడే. చెయ్యి పెడితే రాలేదానికీ, కోసేదాకా ఆగేదానికీ మధ్య.

రాలిపోయే గింజని మన సాహిత్యం ఎరగకపోలేదు. నివ్వరి ధాన్యం, సంస్కృతంలో నీవారం, అడవి వరే. 'శాకుంతలం' మొదటి అంకంలో ఇది ఆశ్రమమే అని దుష్యంతుడు గుర్తుపట్టే ఆనవాళ్ళలో చెట్ల కింద రాలిపడిన నీవార గింజలు ఒకటి. ఎమ్మేలో ఆ శ్లోకం చదువుకున్నాం, వర్ణనలోని స్వభావోక్తి గురించి పరీక్షలో రాశాం. ఆ గింజల్ని ఆశ్రమానికి ఎవరు ఏరుకొచ్చారని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

కేళీ కంకికి తరచు మీసాలుంటాయి. పొట్టు ఒలిస్తే లోపలి బియ్యం చాలాసార్లు ఎర్రగా ఉంటుంది. ఎరుపు వరికి సహజమైన రంగు, తెలుపే తర్వాత వచ్చింది. 2006లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మేగన్ స్వీనీ, సూసన్ మెకౌచ్, వారి సహచరులు ఆ ఎరుపుకి కారణమైన ఆర్‌సి జన్యువుని గుర్తించారు. తెల్లబియ్యంలో ఆ జన్యువులో పద్నాలుగు అక్షరాలు రాలిపోయాయి. మరుసటి ఏడు వాళ్ళే ఇంకో సంగతి చెప్పారు. ప్రపంచంలోని దాదాపు అన్ని తెల్లబియ్యపు రకాల్లోనూ పోయినవి సరిగ్గా అవే పద్నాలుగు అక్షరాలు.

తాళపత్ర ప్రతులతో కుస్తీ పట్టినవాళ్ళకి ఇది వెంటనే తలకెక్కుతుంది. పది ప్రతుల్లో ఒకే చోట ఒకే పాదం లోపిస్తే, ఆ పదిమంది లేఖకులూ విడివిడిగా పొరపాటు చేశారని అనుకోం. ఒకే తల్లిప్రతి నుంచి దిగివచ్చాయని అంటాం. తెల్లబియ్యం కథ కూడా అంతే. ఎక్కడో ఒక మొక్కలో ఒకసారి జరిగిన లోపం, మనుషులు ఆ గింజని ఏరి, దాచి, పంచుకుని, మరో రకం వరితో కలిపి ఖండమంతా పాకించారు. పని కట్టుకుని ఎంచుకోకపోతే అంతలా పాకదు. ఎందుకు ఎంచుకున్నారో మాత్రం జన్యువు చెప్పదు. త్వరగా ఉడుకుతుందనా, పురుగు కనిపిస్తుందనా, చూడ్డానికి బాగుందనా? పెళ్ళిచూపుల్లో రంగు అడిగే సమాజంలో పుట్టినదాన్ని కాబట్టి ఈ తెలుపు మోజు నాకు కాస్త నవ్వు తెప్పిస్తుంది. ఆ నవ్వుని వాదంగా మార్చే సాహసం చేయను.

ఆ ఎరుపు జన్యువుకి రెండో పని కూడా ఉందని 2011లో తేలింది. గింజలో నిద్రని నిలబెట్టేదీ అదే. ఎర్రగింజ మట్టిలో పడి వెంటనే మొలకెత్తదు, అబ్సిసిక్ ఆమ్లమనే హార్మోన్ దాన్ని నిద్రపుచ్చి ఉంచుతుంది. ఒక పంట పోనిచ్చి, ఇంకో పంటలో లేస్తుంది. తెల్లగింజకి ఆ నిద్ర తక్కువ, వేసిన వెంటనే మొలవాలని మనం కోరుకున్నాం, అది మొలుస్తోంది. నా రికార్డింగ్‌లో ఇంకో వాక్యం ఉంది: "ఎన్నిసార్లు పీకినా అస్తది. భూమిల పండుకోని ఉంటది." అప్పుడు ఇది అలంకారమనుకున్నాను. ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు.

ఇక నన్ను పీడించిన ప్రశ్నకి వస్తాను. వేల సంవత్సరాల క్రితం యాంగ్జీ లోయలో కావచ్చు, గంగ ఒడ్డున కావచ్చు, ఆగే గింజనీ తెల్ల గింజనీ ఎంచుకున్న చేయి ఎవరిది? మగవాళ్ళు వేటకి వెళ్ళారు, ఆడవాళ్ళు గింజలు ఏరారు, కాబట్టి వ్యవసాయం కనిపెట్టింది ఆడవాళ్ళే అని మన వ్యాసాల్లో ఎన్నోసార్లు చదివాం. క్లాసులో నేనూ అలాగే చెప్పాను. డీఎన్ఏ చదివాక ఆ మాట అంత ధీమాగా అనలేకపోతున్నాను. అణువు ఎంపికని రాసుకుంది గాని ఎంచినవాళ్ళ పేరు రాసుకోలేదు, వాళ్ళు ఆడా మగా అన్నదీ రాసుకోలేదు. రాజుల శాసనాల్లో స్త్రీలు లేరని బాధపడి జన్యువుల దగ్గరికి వెళితే, అక్కడ అసలు మనుషులే లేరు. ఏరడం అనే క్రియ ఉంది, కర్త లేదు.

కర్తని వెతకడం మాత్రం మనకి కొత్త కాదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు చేసింది అదే. తెలంగాణ రైతాంగ పోరాటంలో ఉన్న స్త్రీలని కూర్చోబెట్టి వాళ్ళ నోటితోనే చెప్పించింది. ఆ పోరాటానికి సూర్యాపేట ఒక గుండెకాయ. దాని పక్కన కరివిరాల కొత్తగూడెంలో దొరల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం (1931–2022) చేసిన మొదటి తిరుగుబాటు తుపాకీతో కాదు, బియ్యంతో. పదేళ్ళ వయసులో, ఆంధ్ర మహాసభ పిలుపు విని, ఇంట్లోవాళ్ళు వద్దంటున్నా వెట్టివాళ్ళకి బియ్యం పంచింది. అప్పటి నల్లగొండ జిల్లాలోనే ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషులని ఎదిరించింది కూడా తాను పండించిన పంట కోసమే. పంట ఎవరిదన్న ప్రశ్న మన చరిత్రలో ఉంది. ఆ పంటలో ఏ విత్తనాన్ని దాచాలో, ఏ కంకిని పీకెయ్యాలో ఎవరికి తెలుసన్న ప్రశ్న మాత్రం మన ప్రశ్నావళిలో లేదు. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత స్త్రీలు విత్తన బుట్టలు పట్టుకుని నలుగురి ముందుకి వచ్చాకే ఆ వైపు కొంత చూపు తిరిగింది. అవి మెట్ట పంటలు, జొన్నలు, చిరుధాన్యాలు. కాలువ కింద వరి నాటే కూలిమనిషికి పొలమూ తనది కాదు, విత్తనమూ తనది కాదు. అలాంటప్పుడు ఆమెకున్న తెలివి ఎవరి ఖాతాలో పడాలి?

కాలువ అన్నాను కాబట్టి మిర్యాలగూడ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలింది. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల మీదుగా సాగింది. మెట్టలు మాగాణులయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు వరసగా లేచాయి, ఊరికి ఊక వాసన పట్టుకుంది. మిల్లు తిరిగినచోటల్లా రోకలి ఆగింది. దంపుడు కూలితో బతికిన ఆడవాళ్ళ కథ అక్కడ ముగిసింది. మిల్లు గొరిగేసే తవుడులో బి1 విటమిన్ ఉంటుంది. మెరుగు పట్టిన బియ్యమే తిన్న సర్కారు జిల్లాల్లో బెరిబెరి పీడించిందని 1920ల్లోనే మెకారిసన్ చదివి చెప్పాడు. వడ్లని ఉడకబెట్టి ఆరబోసే ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్ కొంత తవుడు నుంచి గింజ లోపలికి దిగుతుంది, మిల్లు దాన్ని గొరగలేదు.

సాగర్ నీళ్ళ మీద ఏలింది ముఖ్యంగా సన్నబియ్యం. అందులో సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి 1986లో విడుదలైంది. దాని వంశవృక్షంలో మూడు పేర్లు. మొదటిది జీఈబీ 24, అది కోయంబత్తూరులో ఒక ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడి హోదాకి పొడి అక్షరాలు. రెండోది తైవాన్ పొట్టి రకం టీఎన్1. మూడోది మహ్సూరి. ఒరిస్సాలోని కటక్ కేంద్రంగా నడిచిన అంతర్జాతీయ సంకరణ పథకం నుంచి మలేషియాకి వెళ్ళి, అక్కడ 1965లో విడుదలై, తిరిగి మన తీరానికి వచ్చిన రకం ఇది. మన నోళ్ళలో మసూరి అయింది.

లంకావి ద్వీపంలో మహ్సూరి అనే స్త్రీ సమాధి ఉంది. జానపద కథ ఇది. భర్త యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆమె మీద రంకు మోపారు. విచారణ లేదు, పొడిచి చంపారు. తెల్లటి నెత్తురు కారి ఆమె నిర్దోషి అని లోకానికి తెలిసింది. ఏడు తరాలు ఈ దీవి బాగుపడదని శపించి ప్రాణం వదిలింది. తర్వాత సియాం సైన్యం దండెత్తింది, శత్రువు చేతికి చిక్కకూడదని ఊరివాళ్ళే తమ ధాన్యాన్ని తగలబెట్టుకున్నారట. ఆ కాలిన బియ్యపు నేలని పాడాంగ్ మత్సిరాత్‌లో ఇప్పటికీ చూపిస్తారు. సీత, రేణుక కథలు విన్న మనకి ఈ కథలో కొత్తదేమీ లేదు. మసూరి బియ్యం చాటలో చెరిగిన ప్రతిసారీ ఈ పేరు మన చేతుల్లోంచి జారుతూనే ఉంది, మనం వినలేదు.

టీఎన్1 వైపు పొట్టితనం కూడా ఒక లోపమే. మొక్కని పొడుగు సాగదీసే గిబ్బరెల్లిన్ హార్మోన్ తయారీలో ఒక మెట్టుని నడిపే ఎంజైమ్ ఉంది. దాని జన్యువులో 383 అక్షరాలు ఊడిపోయాయి. తైవాన్ పొట్టి వరి నుంచి వచ్చిన ఈ లోపమే హరిత విప్లవానికి పునాది అని 2002లో తేలింది. పొడుగు వరి ఎరువు ఎక్కువైతే పడిపోతుంది, పొట్టిది నిలబడి గింజ నింపుకుంటుంది. గడ్డి తగ్గింది. పశువుల మేత చూసుకునే ఆడవాళ్ళు ఆ తగ్గుదలని ముందు గమనించి ఉంటారు, దిగుబడి లెక్కల్లో మాత్రం అది ఎక్కలేదు.

సాంబ మసూరిని గెలిపించింది వంటిల్లు. అన్నం పొడిపొడిగా రావాలి, చల్లారితే రాయి కాకూడదు. గింజలోని పిండిపదార్థంలో అమైలోజ్ అనే పొడుగు గొలుసులు ఎంత ఉన్నాయన్నదాని మీద ఇది చాలావరకు ఆధారపడి ఉంటుంది. మరీ తక్కువైతే ముద్ద, మరీ ఎక్కువైతే బిరుసు. ఆ గొలుసులల్లే ఎంజైమ్‌కి వ్యాక్సీ అనే జన్యువు ఆధారం, అందులో ఒక్క అక్షరం మారితే అమైలోజ్ పడిపోతుంది. పరిశోధనా కేంద్రాల్లో వండి, తిని మార్కులు వేసే పరీక్ష ఒకటి ఉంటుంది. మన ఇళ్ళల్లో ఆ పరీక్ష రోజుకి రెండుసార్లు జరుగుతుంది, మార్కులు వేసేది మగవాళ్ళు, తప్పితే మాట పడేది వండినామె.

ఇంత గారాబంగా పెరిగిన సాంబ మసూరికి ఒక బలహీనత ఉంది, ఎండాకు తెగులు. క్సాంథోమోనాస్ అనే బాక్టీరియా తెచ్చేది. ఎరువు మేసి ఏపుగా పెరిగిన పొట్టి రకాలని ఇది మరీ పట్టుకుంటుంది. తెల్లవారుజామున వరి ఆకు కొనన వేలాడే చుక్కని మంచు అనుకుంటాం, చాలాసార్లు అది ఆకు తన రంధ్రాల్లోంచి వదిలిన సొంత నీరే. ఆ రంధ్రాల గుండానే బాక్టీరియా లోపలికి దూరుతుంది. లేదా గాయం గుండా. నాటే ముందు నారు కొనలు తుంచమని వ్యవసాయ శాఖ చెబుతుంది, కాండం తొలిచే పురుగు గుడ్లు ఆ కొనల మీద ఉంటాయి కాబట్టి. తుంచకండి అని కూడా చెబుతుంది, ఆ గాయంలోంచి ఎండాకు తెగులు ఎక్కుతుంది కాబట్టి. రెండూ నిజాలే. నారు కట్ట చేతిలో పట్టుకుని, ఈ ఏడు పురుగు భయమా తెగులు భయమా అని తేల్చాల్సింది నాటే మనిషి. తేల్చే హక్కు మాత్రం ఆసామిది.

లోపలికి చేరాక ఆ బాక్టీరియా చేసే పని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. తన ప్రోటీన్లని వరి కణంలోకి గుచ్చి పంపుతుంది. అవి నేరుగా వరి డీఎన్ఏ దగ్గరికి వెళ్ళి, ఫలానా అక్షరాల వరసని గుర్తుపట్టి పట్టుకుని, స్వీట్11 అనే జన్యువుని నిద్రలేపుతాయి. అది కణంలోని చక్కెరని బయటికి వదిలే తలుపు. పుప్పొడి ఎదగాలంటే మొక్కకి ఆ తలుపు అవసరం. పిల్లల కోసం తీసే తలుపుని దొంగ తీయిస్తాడన్నమాట. ఎక్స్ఏ13 అనే మార్పు ఉన్న వరిలో బాక్టీరియా వెతికే అక్షరాలు చెదిరిపోయాయి, దొంగ వచ్చినా తలుపు గుర్తుపట్టలేడు. ఎక్స్ఏ5 ఇంకోలా కాపాడుతుంది, జన్యువుని చదివే యంత్రంలోనే ఒక చిన్న భాగం మారిపోయి బాక్టీరియా ప్రోటీన్‌కి పట్టు దొరకదు. దీన్ని 2004లో విప్పినవాళ్ళు అంజలి అయ్యర్, సూసన్ మెకౌచ్, ఇద్దరూ స్త్రీలు.

మూడోది ఎక్స్ఏ21, కణం గడప మీద కావలి. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. ఆ వరి కటక్‌లో తెగులుకి లొంగలేదని 1970ల్లో గమనించారు. 1995లో ఆ జన్యువుని విడదీసింది కాలిఫోర్నియాలో పామెలా రొనాల్డ్ బృందం. ఆ కావలి ఎవరిని చూసి అరుస్తుందో కనిపెట్టామని ఆమె ప్రయోగశాల ప్రకటించింది, తర్వాత తమ ప్రయోగాల్లోనే తప్పు బయటపడింది. 2013లో ఆమె ఆ వ్యాసాలని బహిరంగంగా వెనక్కి తీసుకుంది. మళ్ళీ మొదటి నుంచి వెతికి 2015లో అసలు గుర్తుని పట్టుకున్నారు. మన సాహిత్య పరిశోధనలో వెనక్కి తీసుకున్న సిద్ధాంత వ్యాసం ఒక్కటి చెప్పండి చూద్దాం.

హైదరాబాద్‌లో సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ (ఇప్పటి భారతీయ వరి పరిశోధన సంస్థ) కలిసి ఈ మూడు జన్యువుల్నీ సాంబ మసూరిలోకి తెచ్చాయి. 2008లో అది విడుదలైంది. సంస్థలు పెట్టిన పేరు ఆర్‌పీ బయో 226, వ్యవహారంలో మెరుగైన సాంబ మసూరి. ఆర్.ఎం. సుందరం, రమేష్ సొంటి, వరి నాణ్యత మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఎన్. శోభారాణి మొదలైనవాళ్ళ పని ఇది. ఇది జన్యుమార్పిడి పంట కాదు, బీటీ పత్తితో కలిపి తిట్టాల్సిన పని లేదు. మామూలుగా సంకరం చేసి, పుట్టిన ప్రతి మొక్క నుంచి ఆకు ముక్క తెంపి, డీఎన్ఏ తీసి, కావలసిన అక్షరాలున్నాయో లేదో జెల్ మీద గీతల్లో చూశారు. ఎక్స్ఏ5, ఎక్స్ఏ13 అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ రెండూ వస్తేనే పనిచేస్తాయి, ఒకటే వస్తే కంటికి కనబడకుండా దాక్కుంటాయి. అందుకే గీతలు కావలసి వచ్చింది. నాలుగుసార్లు సాంబ మసూరితోనే తిరిగి కలుపుతూ, ప్రతి తరంలో అక్కరలేనివి తీసేస్తూ వచ్చారు. దీని అన్నం రక్తంలో చక్కెరని నెమ్మదిగా పెంచుతుందని తర్వాత తేలింది, గ్లైసీమిక్ సూచిక సుమారు 51. పోషక విలువ కోసం చేసిన పని కాదు, తోడుగా వచ్చింది.

ప్రతి తరంలో అక్కరలేనివి తీసేయడం. అంటే కేళీలు ఏరడం. ప్రయోగశాల పనిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, కంటికి ఆనని తేడాని పట్టుకోవడం మామూలు విషయం కాదు. నేను అంటున్నది ఇంకొకటి. అదే పనిని కంటితో, నడుం వంచి, బురదలో చేస్తే దాని పేరు కూలి. రోజుకింత అని లెక్క కడతారు. తీయించడమంటూ ఉంటే, కొనేవాడు ఎర్రగింజలు కలిశాయని ధర తగ్గిస్తాడన్న భయంతో తీయిస్తారు. ఒక గింజ వెనక ఉన్న విజ్ఞానంలో ఒక చివర వ్యాసకర్తల పేర్ల వరస ఉంటే, ఇంకో చివర కూలి లెక్క ఉంది.

ఆ రెండో చివర ఇప్పుడు మారిపోతోంది. 2020 తర్వాతి ఏళ్ళలో తెలంగాణలో నాట్లకి బీహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి మగకూలీల ముఠాలు రావడం మామూలైంది. నాటు ఆడవాళ్ళ పని, మగవాళ్ళు వంగి నాటరు అన్న మాట ఎంత సహజమైనదో ఆ ముఠాలే చూపించాయి. ఇంకోవైపు నాట్లే లేకుండా డ్రమ్ సీడర్‌తో, వెదజల్లి వరి వేయడం పెరుగుతోంది. కూలి ఖర్చు తగ్గుతుంది, నడుం నొప్పీ తగ్గుతుంది, దాన్ని తప్పు పట్టను. కాని నాటులో ఒక రహస్యం ఉంది. నారు పెద్దదై మడిలోకి వస్తుంది, నీళ్ళు నిలిచి ఉంటాయి, మట్టిలో పడుకున్న ఎర్రగింజకి లేచే వీలు తక్కువ. వరసలో లేనిది కంటికి దొరుకుతుంది. వెదజల్లితే పంటా కేళీ ఒకే రోజు లేస్తాయి, ఒకే మొహంతో. మహ్సూరి పుట్టిన మలేషియాలో వెదజల్లడం పెరిగాక 1980ల చివర్లో ఇదే జరిగింది. రాలిపోయే ఎర్రవరి పొలాలని కమ్మేసింది. అక్కడివాళ్ళు దాన్ని పాడి ఆంగిన్ అంటారు, గాలి వరి అని. గాలి వీస్తే చాలు రాలుతుంది.

అంటే ఇన్నాళ్ళూ నాట్లు వేసిన, కలుపు తీసిన, కేళీలు ఏరిన ఆడవాళ్ళు ఆ 'టి' అక్షరాన్నీ, ఆ లేని పద్నాలుగు అక్షరాలనీ పొలంలో కాపాడుతూ వచ్చారు. తొమ్మిది వేల ఏళ్ళ కిందటి చేయి ఎవరిదో చెప్పలేను. నిన్నటి చేయి ఎవరిదో నాకు తెలుసు, దాని గొంతు నా ఫోన్‌లో ఉంది. పరిశోధన గ్రంథంలో ఆమె 'పాటగత్తె, వయసు 60 పైన, కోదాడ ప్రాంతం' అని అనుబంధంలో ఉంది. పాటకి పాఠాంతరాలు చూపించాను. విత్తనం గురించి ఆమె అన్న ఒక్క మాట కూడా లోపల లేదు.

ఆ రికార్డింగ్ మొత్తం పదిహేను నిమిషాలు. పాట నాలుగు. చివర్లో ఆమె అడుగుతుంది, "ఇయన్ని రాసుకుంటవా?" అని. "లేదు పెద్దమ్మా, పాటలే" అంటాను నేను. ఆమె ఏమీ అనదు. కొంగులో మూట కట్టిన కేళీ కంకులు దులుపుతున్న చప్పుడు, గింజలు చేటలో పడుతున్న చప్పుడు. "కోళ్ళకేస్త" అంటుంది కాసేపటికి, నాతోనో పక్కామెతోనో. తర్వాత కాలువ నీళ్ళ శబ్దమే.